జుట్టు ఎవరి చేతికి?

ఎవరికైనా పూర్తిగా లొంగిపోయిన మనిషిని గురించి మనవైపు "వాళ్ళ చేతికి జుట్టిచ్చేసింది" అంటారు. చిన్నప్పటినుంచీ విన్న మాటే. జుట్టు ఇవ్వడం అంత ప్రమాదమైతే, ఆడపిల్లలం రోజూ పొద్దున్నే ఎవరో ఒకరి ముందు చతికిలబడి జుట్టు వాళ్ళ చేతికే ఇచ్చేవాళ్ళం కదా అన్న ఆలోచన మాత్రం నాకెప్పుడూ రాలేదు. ఆ ఆలోచన కలిగించింది ఒక ఆరేళ్ళ పాప. 2019 జనవరి చివర్లో, అమెరికాలోని న్యూజెర్సీలో, ఒక ఆదివారం రాత్రి.

నా పిహెచ్.డి. చివరి దశలో అక్కడి ఒక విశ్వవిద్యాలయంలో పదినెలలు ఉండి చదువుకునే అవకాశం వచ్చింది. 2018 ఆగస్టులో వెళ్ళాను. నేను అద్దెకు దిగిన ఇంట్లోనే కింది గదుల్లో ఒక నైజీరియన్ స్త్రీ, ఆమె కూతురు ఉండేవాళ్ళు. యోరుబా మనిషి. ఆమె కూడా పరిశోధకురాలే, నాకన్నా ఏడెనిమిదేళ్ళు పెద్దది. పేరు రాయొద్దంది, రాయను. వంటిల్లు ఒక్కటే కాబట్టి ఎండుమిరపకాయల దగ్గర మాకు స్నేహం కలిసింది.

వెళ్ళిన మొదటివారంలోనే నేనొక తప్పు చేశాను. పాప తలనిండా సన్నటి జడలు, వాటి చివర పూసలు. ముచ్చటేసి చెయ్యి వేశాను. పాప తల పక్కకి లాక్కుంది. తల్లి నవ్వుతూనే, "దాన్ని అడగాలి" అంది. మా ఊళ్ళో పిల్లల తల నిమరడం మామూలే అని ఏదో సర్దుకోబోయాను. "మీ ఊళ్ళో మీ పిల్లని నిమురుతావు. ఇక్కడ మా తలల్ని కొట్లో బట్ట నాణ్యం చూసినట్టు పట్టుకుని చూస్తారు" అంది. నేనూ చామనఛాయ మనిషినేగా, ఆ చూసేవాళ్ళ లెక్కలో నేను రాననుకున్నాను. వచ్చాను.

తరవాత్తరవాత తెలిసింది, యోరుబాల ఆలోచనలో తల అంటే ఒట్టి అవయవం కాదని. 'ఒరి' అంటారు. మనిషి పుట్టకముందే ఎంచుకున్న గతిని లోపలి తల మోసుకొస్తుందని వాళ్ళ నమ్మకం. మనకి బ్రహ్మ రాసే తలరాత అని చెబితే ఆమె చాలా సంతోషపడింది. "అయితే మీకూ అక్కడే రాస్తారన్నమాట! మరి ఎవరిని పడితే వాళ్ళని అక్కడ చెయ్యి పెట్టనిస్తారేం?" అని అడిగింది. ఆ జడలకి ఎన్ని పేర్లో చెప్పింది. నడినెత్తిన బుట్టలాగా పైకి చేర్చి అల్లేది షుకు. కాళ్ళు లేనిది అనే అర్థం వచ్చేది కొలెసె. ఇంకోదాని పేరుకి అర్థం పంది పెడతల! 1968 నుంచీ జె. డి. ఒఖాయ్ ఓజెయ్‌కెరే అనే నైజీరియన్ ఫొటోగ్రాఫర్ తీసిన కేశాలంకరణల ఫొటోలు లాప్‌టాప్‌లో చూపించింది. చాలావాటిలో ముఖం కనిపించదు. వెనకనుంచి తల ఒక్కటే, ఒక కట్టడంలా ఉంటుంది.

* * *

నవంబరు మధ్యలో మొదటి మంచు పడ్డరోజు ఆమె మెట్లమీద జారి కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఆరువారాలు పిండికట్టు. అప్పటినుంచీ పాప తల సంరక్షణకి నా చేతులు అరువిచ్చాను. అడక్కుండా ముట్టుకున్న చేతులే, ఈసారి అడిగితే ఇచ్చాను.

అల్లడం నాకు చేతకాదు. అల్లినవాటిని చూసుకోవడమే నా పని. అదే ఎంత పనో! మన సాఫీ జుట్టుకి మాడునుంచి ఊరే నూనె దానంతటదే కొసలదాకా దిగుతుంది. అంత దగ్గర దగ్గర మెలికలున్న జుట్టులో ఆ నూనె కిందికి దిగదు. అందుకే త్వరగా ఎండిపోయి పుటుక్కున తెగుతుంది. జడలుగా అల్లి ఉంచేది అందం కోసమే కాదు, రోజూ దువ్వెన తగలకుండా కాపాడ్డానికి కూడా. నీళ్ళలో కాస్త కండిషనర్ కలిపి చిలకరించాలి. పాపిళ్ళ వెంట వేలికొసతో పలచగా నూనె రాయాలి. మనలా కారేట్టు కాదు. పదిరోజులకోసారి నీళ్ళు కలిపిన షాంపూతో మాడు మాత్రం వేళ్ళతో రుద్ది, జడల్ని నలపకుండా నీళ్ళు పిండాలి. ఆ తరవాత లోపలిదాకా ఆరనివ్వాలి, లేకపోతే ముక్క వాసన వస్తుంది. నూలు దిండు తేమ పీల్చేసి జుట్టుని ఒరిపిస్తుంది కనుక రాత్రి శాటిన్ గుడ్డ కట్టి పడుకోబెట్టాలి. కట్టేటప్పుడు పాప కళ్ళు మూసుకుని మెడ నాకు వదిలేసేది. ఆ బరువు నా అరచేతిలో ఇప్పటికీ గుర్తుంది.

ఆరు నుంచి ఎనిమిది వారాలకి విప్పాలి. జనవరి మొదట్లో విప్పినప్పుడు నేను హడలిపోయాను. గుప్పెడు జుట్టు చేతికొచ్చింది. ఆమె నవ్వింది. రోజూ అందరికీ యాభై, వంద వెంట్రుకలు రాలతాయి, జడలో ఉన్నవి పడిపోయే దారిలేక అక్కడే ఆగుతాయి, ఇవి రెండునెలల లెక్క అంది. తడపకముందే, పళ్ళు వెడల్పుగా ఉన్న దువ్వెనతో కొసలనుంచి మొదలుపెట్టి పైకి చిక్కు తీయాలి. ముందే నీళ్ళు పోశామో, ఉండకట్టి ఇంక కత్తెరే గతి.

మూడుగంటలు చిక్కు తీశాక, నా నోట రాకూడని మాట వచ్చింది. "పొట్టిగా కత్తిరించేస్తే హాయి కదా?" ఈ మాట నాకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి. ఎం.ఏ.లో చేరిన మొదటినెలలో నేను నడుం దాటిన జడని మెడదాకా కత్తిరించుకున్నాను. అమ్మ రెండురోజులు అన్నం తినలేదు. నా స్త్రీవాదం పుస్తకాలకంటే ముందు ఆ కత్తెరతోనే మొదలైందని చెప్పుకునేదాన్ని. జడ బంధనం, తెంచుకోవడం స్వేచ్ఛ. నాకు అంత తేలిక లెక్క అది.

ఆమె కాసేపు మాట్లాడలేదు. తరవాత అంది: "నేను చదివిన బళ్ళో ఆడపిల్లలంతా జుట్టు గొరిగినంత పొట్టిగా కత్తిరించుకోవాలని నియమం. ఇక్కడికొస్తే, అల్లుకున్న జుట్టు ఉద్యోగానికి పనికిరాదన్నారు. నా తలని ఏం చెయ్యాలో ప్రతివాళ్ళకీ ఒక అభిప్రాయం ఉంది. ఇప్పుడు నీకూ ఉందన్నమాట."

* * *

పనికిరాదనడం ఉత్తమాట కాదు. 1981లో రెనీ రోజర్స్ అనే నల్లజాతి ఉద్యోగిని తన అల్లిన జడల కోసం అమెరికన్ ఎయిర్‌లైన్స్‌మీద వేసిన కేసు ఓడిపోయింది. చర్మం రంగులా అది పుట్టుకతో వచ్చింది కాదు, కావాలని పెట్టుకున్న అలంకరణ అంది కోర్టు. 1979లో ఒక సినిమాలో తెల్లనటి అలాంటి జడలు వేసుకున్నాకే ఈమె వేసుకొచ్చిందన్న వాదనని కూడా తీర్పులోకి తెచ్చింది. అంటే వందల ఏళ్ళ అల్లిక, తెల్లమ్మాయి తలమీదికి ఎక్కాకే పుట్టినట్టు! అంతకు చాలాముందు, 1786లో, స్పెయిన్ ఏలుబడిలో ఉన్న లూసియానాలో నల్లజాతి స్త్రీలు తలకి గుడ్డ కట్టుకుని తీరాలని గవర్నరు ఆజ్ఞ ఇచ్చాడు. జుట్టు కప్పమని ఒక కాలం, సాగదీయమని ఇంకో కాలం. సాగదీయడానికి వాడే రసాయనాలు తరచూ పెట్టుకునేవాళ్ళలో గర్భాశయ కేన్సర్ ఎక్కువగా కనిపిస్తోందని 2022లో ఒక పెద్ద అధ్యయనం చెప్పింది.

2014లో అమెరికా సైన్యం తన నియమాల్లో కొన్ని నల్లజాతి కేశాలంకరణల్ని 'చింపిరి' అన్న అర్థమిచ్చే మాటతో నిషేధించి, గొడవయ్యాక ఆ మాట తీసేసింది. ఆ వార్త చదివినప్పుడు మన చింపిరి గుర్తొచ్చింది. మన బళ్ళలో ఆ మాట ఎవరి పిల్లల్ని అనేవాళ్ళు? కొబ్బరినూనె కొనలేని ఇళ్ళ పిల్లల్ని. చేలో పనికి పోయే తల్లికి పొద్దున్నే జడవేసే తీరికలేని పిల్లల్ని. ఊరికి ఏవైపునుంచి వచ్చేవాళ్ళో మనకు తెలుసు.

ఆమె చెయ్యి కట్టులో ఉండగానే, 2018 డిసెంబరు 19న, మేమున్న న్యూజెర్సీలోనే ఆ సంఘటన జరిగింది. పదహారేళ్ళ నల్లజాతి కుర్రాడు, కుస్తీ పోటీలో. నీ జటలు కత్తిరించుకో, లేదా పోటీ వదులుకో అన్నాడు తెల్ల రిఫరీ. అందరి ముందూ, ఆడే చోటే, కత్తెరతో కత్తిరించారు. పిల్లాడు గెలిచాడు కూడా. ఆ వీడియో దేశమంతా తిరిగింది. ఆమె వంటింట్లో నిలబడి మళ్ళీ మళ్ళీ చూడ్డం నాకు తెలుసు. అంతకు ముందేడాది, పాప జుట్టు అల్లకుండా వదిలేసి పంపితే వెనక పిల్లలకి అడ్డొస్తోందని బడినుంచి చీటీ వచ్చింది. ఆ చీటీ ఆమె పారెయ్యలేదు.

* * *

కట్టు తీసినా మణికట్టుకి బలం రాలేదు. అందుకని జనవరి చివర్లో పాపని పక్క ఊళ్ళో సెనెగల్ స్త్రీలు నడిపే జడల కొట్టుకి తీసుకెళ్ళాం. చిమామండా అడిచీ 'అమెరికానా' నవల ప్రిన్స్‌టన్‌నుంచి ట్రెంటన్‌కి జడల కోసం రైలెక్కడంతో మొదలవుతుంది. విశ్వవిద్యాలయాలున్న చోట ఈ కొట్లు ఉండవు, ఈ కొట్లున్న చోటికి విశ్వవిద్యాలయం వాళ్ళు పోరు. చదివినప్పుడు అది కథకి ఎత్తుగడ అనుకున్నాను. అది బస్సు రూటు కూడా.

కొట్టు గోడనిండా సవరాల పొట్లాలు. పాపకి కలిపేది ప్లాస్టిక్ పోగే. ఆ పక్క అరలో ఖరీదైనవి, 'ఇండియన్ టెంపుల్ హెయిర్' అని రాసున్నవి. అమ్మ నా పదోతరగతి పాసైనందుకు తిరుమల కళ్యాణకట్టలో ఇచ్చిన తలనీలాలు గుర్తొచ్చాయి. దేవస్థానం వేలం వేస్తుంది, వ్యాపారులు విదేశాలకి పంపుతారు. ఇదంతా 2009లో క్రిస్ రాక్ తీసిన 'గుడ్ హెయిర్' డాక్యుమెంటరీలో చూసిందే. అయినా పొట్లం చేత్తో పట్టుకున్నప్పుడు వేరుగా ఉంది. అమ్మ మొక్కు ఇచ్చింది. దానికి వెల ఎంతని ఆమెనెవరూ అడగలేదు. ఇక్కడ కొనుక్కునే స్త్రీకి అది ఎవరి మొక్కో తెలీదు. నడుమ డబ్బు చేసుకున్న చేతుల్లో ఈ ఇద్దరి చేతులూ లేవు.

పాప అయిదుగంటలు కూర్చుంది. నుదుటి దగ్గర పాయలు లాగి బిగిస్తుంటే ఏడ్చింది. "బిగుతుగా ఉంటే ఎక్కువరోజులు ఉంటుంది. అందం కావాలంటే ఓర్చుకోవాలి మరి" అంది అల్లే ఆవిడ. ఇదే మాట మా నాయనమ్మ తెలుగులో అనేది.

రాత్రికి పాప తల దిండుమీద పెట్టలేకపోయింది. నుదుటి వెంట చిన్నచిన్న తెల్లపొక్కులు లేచాయి. కళ్ళ కొసలు పైకి గుంజుకుపోయాయి. నాకు ఆలోచించడానికేమీ లేదనిపించింది. విప్పేద్దాం అన్నాను.

"నూట ఇరవై డాలర్లు. అయిదుగంటలు. పొద్దున్నే బడి. సగం విప్పిన తలతో పంపితే ఎవరినంటారు? నిన్నంటారా?" ఆమె గొంతు నేనెప్పుడూ వినని గొంతు. "నీకు నెప్పి ఒక్కటే కనిపిస్తోంది. నాకు రెండు కనిపిస్తున్నాయి. ఒకటి రెండురోజుల్లో తగ్గుతుంది."

నేను పైకి వెళ్ళిపోయాను. ఆమె అన్నది తప్పని నాకు తెలుసు, నేనన్నది చాలదని కూడా తెలుసు.

సారా రడిక్ 'మెటర్నల్ థింకింగ్' పుస్తకంలో (1989) తల్లి పనిని మూడు కోరికలకి జవాబుగా చెబుతుంది. పిల్లని బతికించుకోవాలి, ఎదగనివ్వాలి, సమాజం ఒప్పుకునేట్టు తయారుచేయాలి. ఈ మూడూ ఒకదాన్నొకటి కొట్టుకుంటాయంటుంది. నేను ఆ పుస్తకంమీద సెమినార్ పత్రం కూడా చదివినదాన్ని. ఒప్పుకోవడం అన్నది పిల్ల మాడుమీద పొక్కులుగా లేస్తుందని పత్రం రాసినప్పుడు నాకు తెలీదు. సమాజం పిల్లని చూసి ఏవగించుకునేదైతే, దానికి నచ్చేట్టు తయారుచేసే తల్లి ప్రేమలో ఆ ఏవగింపు కూడా కొంత కలిసిపోతుంది. తల్లి వేళ్ళే, లాగుతున్న బలం మాత్రం వేరే చోటిది. బెల్ హుక్స్ జుట్టు సాగదీసుకోవడం గురించి రాసిన వ్యాసంలో కూడా ఈ ముడే ఉంది. తెల్లజాతి అందానికి లొంగడమని విమర్శిస్తూనే, శనివారం వంటింట్లో ఆడవాళ్ళంతా చేరి ఒకరి తల ఒకరు చూసుకున్న ఆ దగ్గరితనాన్ని ఆమె తోసెయ్యలేకపోయింది.

మరి తప్పు ఎవరిది? తెల్లజాతి ఆధిపత్యానిది అని రాయడం నాకు చేతనవును. అది నిజం కూడా. అయితే పాప కుదుళ్ళకి ఆ చరిత్ర తెలీదు. లాగింది ఎవరి కోసమైనా అవి ఒకేలా ఊడతాయి. కారణం పెద్దదైనంత మాత్రాన నెప్పి న్యాయమైపోదు. అలాగని, కారణాన్ని పక్కనపెట్టి తల్లిని క్రూరురాలనడం, చీటీ పంపిన బడిని ఇంటికి పంపేసి ఆమెనొక్కదాన్నే బోనులో నిలబెట్టడం. నేను ఆ సాయంత్రం చేసింది సరిగ్గా అదే.

పన్నెండు దాటాక తలుపు కొట్టింది. "ఫోను లైటు పట్టుకుంటావా?"

ముందు రెండు వరసలే విప్పాం, పద్నాలుగు జడలు. పాప సొంత జుట్టు ఎంతవరకుందో వేళ్ళతో తడిమి చూసి, దానికి రెండంగుళాల కింద సవరం కత్తిరించి, దువ్వెన తోకతో ఒక్కొక్క ముడే. ఆమె మణికట్టు ఆగిపోయినప్పుడు నేను తీసుకున్నాను. పాప మధ్యలో నిద్రపోయింది. అప్పుడామె తన కణత మీది గుడ్డ వెనక్కి జరిపి చూపించింది. రెండువేళ్ళ వెడల్పున జుట్టులేదు, నున్నగా ఉంది. ఏళ్ళ తరబడి బిగించి అల్లితే కుదుళ్ళు చచ్చిపోతాయి, మొదట్లో వదులుచేస్తే మళ్ళీ వస్తాయి, ఆలస్యమైతే రావు. "మా అమ్మ చేతి పని ఇది. మా అమ్మ నన్ను ప్రేమించలేదంటే ఒప్పుకోను. ఇది మంచిదంటే కూడా ఒప్పుకోను."

ఆ రెండు వాక్యాల్నీ కలిపి పట్టుకోవడం నేను చదివిన ఏ సిద్ధాంతంకన్నా కష్టం.

పొద్దున్న నుదుటిమీద వెడల్పాటి రిబ్బను కట్టి పంపింది. బళ్ళో ఎవరూ ఏమీ అనలేదు. అనకపోయినంతమాత్రాన ఆమె భయం అబద్ధం కాలేదు. ఆ డిసెంబరులోనే, సరిగ్గా కుస్తీ సంఘటనకి ఏడాది నిండిన రోజున, జుట్టు తీరునిబట్టి వివక్ష చూపకూడదని న్యూజెర్సీ చట్టం చేసింది. అదే ఏడు జులైలో కాలిఫోర్నియా మొదలుపెట్టింది, ఆ తరవాత ఇరవైకి పైగా రాష్ట్రాలు చేశాయి. 2022లో దేశమంతటికీ వర్తించే బిల్లు ప్రతినిధుల సభ దాటింది కానీ సెనేట్ దాటలేదు. చట్టం చీటీల్ని ఆపగలదు. రాత్రి పన్నెండింటికి విప్పాలా వద్దా అన్నది మళ్ళీ ఇంట్లోవాళ్ళే తేల్చుకోవాలి.

* * *

పాపకిప్పుడు పదమూడు దాటాయి. తన జడలు తనే అల్లుకుంటోంది, వంకరటింకరగా. కిందటేడు, 2025లో, కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షించిన పదిరకాల సవరాల్లోనూ కేన్సర్ కలిగించే రసాయనాలు, తొమ్మిదింట్లో సీసం ఉన్నాయని తేలింది. ఆ వార్త నాకు పంపింది తల్లి కాదు, పాపే. దాంతోపాటు సవరం లేకుండా అల్లుకున్న పొట్టి జడల ఫొటో. బాగుందా అని మాత్రం అడగలేదు.

తిరిగొచ్చాక ఒకసారి అమ్మనడిగాను, చిన్నప్పుడు నేను నెప్పని ఏడిస్తే ఎందుకు వదులు చేసేదానివి కాదని. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, "జడ చెదిరితే మీ హెడ్మిస్ట్రెస్ నిన్ననేది కాదే, నన్ననేది" అంది. కాసేపాగి, "అంత నెప్పిగా ఉండేదా?" అంది. ముప్ఫైయేళ్ళ తరవాత అడిగిన ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు సిద్ధంగా లేదు. కన్నీళ్ళు వచ్చాయి, అంతే.

ఇప్పుడు అక్క కూతురు మా ఇంట్లో ఉండి హైదరాబాదులో చదువుకుంటోంది. ఉంగరాల జుట్టు. రెండు జడలు మడిచి రిబ్బన్లు కట్టుకురావాలని బడి నియమం. పొద్దున్నే నా ముందు కూర్చుని జుట్టు నా చేతికిస్తుంది. మూడోపాయ పడేముందు ఆగి అడుగుతాను, బిగుతుగా ఉందా అని. ఉందంటే విప్పి మళ్ళీ వేస్తాను. జడ చెదిరిందని డైరీలో రెండుసార్లు రాసి పంపారు. రెండింటికీ నేనే సంతకం పెట్టి జవాబు రాశాను.